క్రొత్త కూర్పులు, పాత అనుబంధములు

మన పాఠశాలలోని కంప్యూటరుల గదికి పోవు విద్యార్థులందఱును బ్రౌజరనునది యెట్టిదో యెఱుగుదురు. తల్లిదండ్రులలో ననేకులు చేతి ఫోనులందే దానిని వాడుచున్నారు. ఇంటర్నెట్టులోని పుటలను తెచ్చి కన్నులయెదుట నిలుపు సాఫ్టువేరునకే బ్రౌజరని పేరు. ఒకనాటి యుదయమున దానిని తెఱవగా, అది రాత్రికి రాత్రి క్రొత్త కూర్పుగా మాఱియుండుటయు, నిన్నటివఱకు దానియందు మనకు తోడ్పడుచుండిన యొక చిన్న పనిముట్టు మూలబడియుండుటయు పలువుర యనుభవమే. బ్రౌజరు చెడిపోయినదని కొందఱును, ఆ పనిముట్టు చేసినవాడు చేతగానివాడని కొందఱును అందురు. తఱచుగా ఈ రెండు మాటలును సరికావు. అట్లేల జరుగునో, జరుగకుండుటకై తెర వెనుక నెవరెవరు పాటుపడుచుందురో యీ వ్యాసమునందు తెలుప నుద్దేశించితిమి. దృష్టాంతముగా ఫైర్‌ఫాక్సు అను బ్రౌజరు చరిత్రను తీసికొందుము. ఏలయన, దాని పని యంతయు దాపఱికము లేక పదిమంది యెదుట జరిగినది; మఱియు, తెలుగు చదువరులకు దానితో నొక ప్రత్యేక సంబంధము కలదు.

ఫైర్‌ఫాక్సు "ఓపెన్ సోర్సు" సాఫ్టువేరు. అనగా, ప్రోగ్రాము రచయితలు దానిని వ్రాసిన మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని నలుగురకు పంచవచ్చును. నెట్‌స్కేపు కంపెనీవారు తమ బ్రౌజరు మూలపాఠమును 1998 మార్చి 31వ తేదీన లోకమునకు వెల్లడిచేసిరి. అందుండి మొజిల్లా యను ప్రయత్నము బయలుదేరినది. 2003లో మొజిల్లా ఫౌండేషను ఏర్పడినది. 2004 నవంబరు 9వ తేదీన ఫైర్‌ఫాక్సు 1.0 వెలువడినది. అందఱకును వలసినవానిని మాత్రమే బ్రౌజరులో నుంచి, కొందఱకే యక్కఱయగువానిని వేఱుగా చేర్చుకొన వీలు కల్పించుట దాని నిర్మాతల పద్ధతి. అట్లు వేఱుగా చేర్చుకొను చిన్న ప్రోగ్రామునే యాడ్-ఆన్ అందురు. మేము దానిని అనుబంధమని పిలిచెదము. బ్రౌజరును చేసినవారొకరు, వాడువారొకరు. అనుబంధమును చేసినవాడు ఈ యిరువురిలో చేరని మూడవవాడు. వారిలో పెక్కురు జీతము లేక, తమ యుద్యోగము ముగించుకొని వచ్చిన పిమ్మట, తీరిక వేళలందీ పని చేయువారు. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకొనవలెను.

తెలుగువారికి దీనితో గల సంబంధమును చెప్పెదము. తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్టులో పుటలను తెఱచిన తొలినాళ్లలో ఒక్కొక్క పత్రిక యొక్కొక్క సొంత ఫాంటును వాడుచుండెను. ఆ ఫాంటులలో తెలుగు అక్షరముల ముక్కలను ఇంగ్లీషు అక్షరములును చిహ్నములును ఉండవలసిన స్థానములందు కూర్చియుండిరి. ఆ ఫాంటు లేని కంప్యూటరున పుటను తెఱచినచో తెలుగునకు బదులు అర్థములేని గుర్తుల గుంపు కనబడెడిది. యూనికోడు మొదటి కూర్పునందే, అనగా 1991లోనే, తెలుగునకు ప్రత్యేక స్థానము లభించినను పత్రికలు దానిని వెంటనే స్వీకరింపలేదు. పుటతోపాటు ఫాంటునుకూడ పంపు "డైనమిక్ ఫాంటు" ఏర్పాటొకటి వాడుకలోనికి వచ్చెను గాని, అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునందు పనిచేసినట్లు ఫైర్‌ఫాక్సునందు పనిచేయలేదు. ఇంటికి దూరముగా నుండి, ఉదయముననే ఊరి వార్త చదువగోరు తెలుగువాడు ఫైర్‌ఫాక్సును వాడువాడైనచో, అతని యెదుట నిలిచినది తన భాష కాదు, గుర్తుల గుంపు.

ఆ కొఱతను తీర్చుటకు పుట్టిన అనుబంధము "పద్మ". అది పత్రికల ఫాంటు సంకేతములను ఒక పట్టికతో సరిచూచి, యూనికోడు తెలుగులోనికి మార్చి, బ్రౌజరులో చూపెడిది. మొదట తెలుగునకై పుట్టి, పిమ్మట ఇతర భారతీయ భాషలకును విస్తరించినది. దాని నిలుకడ ఎంత సున్నితమైనదో చూడుడు. ఒక ప్రక్క పత్రికవారు తమ ఫాంటును మార్చినచో పట్టికను తిరిగి వ్రాయవలెను. మఱియొక ప్రక్క ఫైర్‌ఫాక్సు మాఱినచో, బ్రౌజరుతో దానికి గల కట్టును తిరిగి కట్టవలెను. ఈ రెండు మార్పులలో నేదియు అనుబంధము చేసినవాని చేతిలోనిది కాదు. అతడు నిద్రించుచున్న రాత్రి వేఱొకరు చేసిన మార్పునకు మఱునాడుదయమున అతడు జవాబు చెప్పవలెను.

కట్టు అని యంటిమి. దానిని కొంత వివరింపవలసియున్నది.

ఒక పెద్ద యింటిలో అద్దెకున్నవారు తమ బిడ్డకు ఉయ్యెల వేయగోరి పైకప్పు దూలమునకు త్రాడు కట్టినారనుకొందము. ఉయ్యెల చక్కగా ఊగును. కొన్నాళ్లకు ఇంటి యజమాని, చెదలు పట్టుచున్నదని, ఆ దూలమును తీయించి వేఱొకచోట ఇనుప కమ్మిని వేయించినాడు. ఇంటికి మేలే జరిగినది. ఉయ్యెలకు మాత్రము చోటు పోయినది. అట్లు గాక, యజమాని తానే నాలుగు కొక్కెములను దిగవేయించి, "ఇవి మీకొఱకు. ఇంటిని నేనెట్లు మార్చినను వీనిని కదలింపను" అని మాట యిచ్చినాడనుకొందము. అప్పుడు దూలము పోయినను ఉయ్యెల నిలుచును. కాని కొక్కెమున్న చోటనే ఉయ్యెల వేయవలెను. కిటికీ దగ్గఱ గాలికి వేసికొందమన్న వీలుండదు.

సాఫ్టువేరునందు ఇట్టి కొక్కెమునకు ఏపీఐ యని పేరు. ఇట్టిదానిని అడిగినచో ఇట్టి జవాబిచ్చెదనని ప్రధాన సాఫ్టువేరు బహిరంగముగా చేసిన కట్టుబాటది.

ఫైర్‌ఫాక్సు తొలి అనుబంధములు చాలవఱకు దూలమునకు కట్టిన ఉయ్యెలలు. బ్రౌజరు కిటికీలును, మీటలును, పట్టికలును జూల్ అను భాషలో వ్రాయబడియుండెను. అనుబంధము తన పంక్తులను వానిపై పఱచి, ఏ మీటనైనను మార్చగలిగెడిది. బ్రౌజరు లోపలి యంత్రభాగములను సైతము నేరుగా పిలువగలిగెడిది. ఆ స్వేచ్ఛవలననే వింత వింత పనిముట్లు పుట్టినవి. పుటల నిర్మాణమును విప్పి చూపు ఫైర్‌బగ్గును, పరిశోధకుల గ్రంథసూచికలను కూర్చు జొటీరోను 2006లో వెలువడినవి. రెండవదానిని అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయమువారు చేసిరి. ఆ కాలమున బ్రౌజరును ఫైర్‌ఫాక్సుకొఱకు గాక అనుబంధములకొఱకు ఎన్నుకొన్నవారును ఉండిరి.

ఈ కట్టు తెగకుండ చూచుటకు మొదట నేర్పఱచిన యుపాయము మిక్కిలి సులభమైనది. ప్రతి అనుబంధముతోను ఒక చిన్న పత్రముండెడిది. అందు "ఈ కూర్పు మొదలు ఈ కూర్పు వఱకు నేను పనిచేయుదును" అని రెండంకెలు వ్రాయవలెను. బ్రౌజరు తన కూర్పు ఆ రెండంకెల నడుమ నున్నచో అనుబంధమును రానిచ్చును. మించినచో, పొందిక లేదని చెప్పి ప్రక్కనుంచును. వినుటకు న్యాయముగనే యున్నది. కాని ఇంకను పుట్టని కూర్పుతో తన పని పొందుపడునో లేదో ఎవడు చెప్పగలడు? కావున బుద్ధిమంతుడగు రచయిత తానెఱిగిన కూర్పు వఱకే వ్రాయును. క్రొత్త కూర్పు వెలువడినంతనే, అందేమియు చెడకున్నను, అనుబంధము తొలగింపబడును. దానిని బ్రతికించుటకు వలసిన పని ఒక్క అంకెను దిద్దుటయే. ఆ యొక్క అంకెను దిద్దవలసినవాడు పరీక్షలలోనో ప్రయాణములోనో యున్నచో వేలమంది కాచుకొనవలసినదే.

ఫైర్‌ఫాక్సు 2 వెలువడినది 2006 అక్టోబరులో, 3 వెలువడినది 2008 జూనులో, 3.5 వెలువడినది 2009 జూనులో. ఇంతింత యెడమున్నంతకాలము ఈ బాధ ఏటికొకమాఱు వచ్చు జ్వరమువలె నుండెను. 2011 మార్చి 22వ తేదీన 4వ కూర్పు వచ్చినది. ఆ పిమ్మట నిర్మాతలు పద్ధతి మార్చిరి. పెద్ద మార్పులను కూడబెట్టక, తయారైనదానిని తయారైనట్లు సుమారు ఆఱు వారముల కొకమాఱు విడుదల చేయ నిశ్చయించిరి. జూను 21న 5వ కూర్పు, ఆగస్టు 16న 6వది, సెప్టెంబరు 27న 7వది, నవంబరు 8న 8వది, డిసెంబరు 20న 9వది. ఒక్క సంవత్సరములో ఆఱు కూర్పులు! తీరికవేళ పనిచేయు మనుష్యుడు ఏటికి ఆఱుమాఱులు తన పత్రమును దిద్దవలసివచ్చినది. పెక్కురు విసిగి విడిచిపెట్టిరి. ఇది వారి సోమరితనమని మేమనజాలము. మీ యింటి తాళము ఆఱు వారముల కొకమాఱు మాఱుచున్నచో మీరేమందురు?

నిర్మాతలును దీనిని గమనింపకపోలేదు. అనుబంధముల నన్నిటిని ఒకచోట చేర్చి పంచు తమ కేంద్రస్థానమున, వాని మూలపాఠములను యంత్రముచే పరీక్షింపజేసి, క్రొత్త కూర్పులో తీసివేయబడిన భాగమును వాడనివాని అంకెను తామే దిద్దుచు వచ్చిరి. 2012 జనవరి 31వ తేదీన వెలువడిన 10వ కూర్పునుండి నియమమునే తలక్రిందులు చేసిరి. అంతకుముందు, పొందిక యున్నదని రుజువగువఱకు అనుబంధమునకు ప్రవేశము లేదు. ఆ నాటినుండి, చెడినదని తెలియువఱకు చాలవానికి ప్రవేశము కలదు. ఆ కూర్పుతోనే "ఈఎస్ఆర్" అను నెమ్మది శాఖయు పుట్టినది. మాటిమాటికి మార్పు సహింపలేని పాఠశాలలు, కార్యాలయములు మొదలగువారికై సుమారు ఒక సంవత్సరము పాటు ఒకే కూర్పునుంచి, రక్షణకు సంబంధించిన మరమ్మతులు మాత్రము చేయుట దాని పద్ధతి. పదుల కంప్యూటరులను ఒక్క యుపాధ్యాయుడు చూచుకొను చోట్ల ఇది యెంత మేలో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అంకెల చిక్కు ఇట్లు తీఱినది గాని దూలము చిక్కు తీఱలేదు. అంతవఱకు బ్రౌజరు పనియు, అందు తెఱచిన పుటల పనియు ఒకే ప్రక్రియగా జరుగుచుండెను. ఒక పుట చెడినచో బ్రౌజరంతయు కూలెడిది. దానిని వేఱు వేఱు గదులుగా విడదీయు పని 2016 ఆగస్టున వెలువడిన 48వ కూర్పుతో చదువరుల యొద్దకు రాసాగినది. బ్రౌజరు గదిలో నిలిచి చేయి చాచి పుటను ముట్టుచుండిన పాత అనుబంధముల చేతికి నడుమ గోడ యడ్డుపడినది. ఇది గాక భయమొకటి కలదు. బ్రౌజరు లోపలికంతకు పోగల అనుబంధము దుర్మార్గుని చేతిలో పడినచో మన రహస్యపదములను, ఉత్తరములను, బ్యాంకు లెక్కలను చదువగలదు. ఈ రెండు కారణములచేత మొజిల్లావారు 2015 ఆగస్టున ఒక ప్రకటన చేసిరి: ఇకమీదట దూలమునకు త్రాళ్లు కట్టరాదు; వెబ్ఎక్స్‌టెన్షన్సు అను పేర క్రొత్తగా కొక్కెములను దిగవేసెదము; అందఱును వానికి మాఱవలెను. 2017 నవంబరు 14వ తేదీన వెలువడిన 57వ కూర్పులో పాత అనుబంధములు పనిచేయుట మానినవి. నెమ్మది శాఖయందు 52వ కూర్పు ముగియువఱకు, అనగా 2018 సెప్టెంబరు వఱకు, వానికి ప్రాణము నిలిచినది.

ఏ అనుబంధమునకేమి జరిగినదో చూచినచో విషయము తేటపడును. పుటలలోని ప్రోగ్రాములను అదుపుచేయు నోస్క్రిప్టు కొలది దినములలోనే క్రొత్త రూపున తిరిగి వచ్చినది. జొటీరో బ్రౌజరునే విడిచి స్వతంత్రమైన సాఫ్టువేరుగా నిలిచి, బ్రౌజరులో ఒక చిన్న సంధానమును మాత్రమే యుంచుకొన్నది. ఫైర్‌బగ్గు పని 2017లో ముగిసినది. దాని సౌకర్యములు అప్పటికే ఫైర్‌ఫాక్సు సొంత పనిముట్లలో చేరియుండెను. బ్రౌజరునకు పాత ముఖరూపము నిచ్చుచుండిన క్లాసిక్ థీమ్ రెస్టోరరు మాత్రము చనిపోయినది. దానిని చేసినవాని నేర్పునకు కొఱత లేదు. బ్రౌజరు రూపమునంతను మార్చుటకు కొక్కెమే దిగవేయబడలేదు.

మా యభిప్రాయములో మొజిల్లావారు చేసినది తప్పక చేయవలసిన పనియే. లక్షలమంది రహస్యములు చేరిన యింటిలో దూలములకు ఎవరికి తోచిన త్రాడు వారు కట్టుచుండగా ఊరకుండుట తగదు. కాని ఆక్షేపణయొకటి కలదు. రెండు సంవత్సరములకు పైగా గడువిచ్చితిమని వారనిరి. ఆ గడువు ప్రకటనమునుండి లెక్కింపబడినది గాని, కొక్కెములన్నియు తయారైన దినమునుండి లెక్కింపబడలేదు. కొన్ని కొక్కెములు గడువు చివఱ వచ్చినవి, కొన్ని రానేలేదు. ఉయ్యెల విప్పుమని చెప్పువాడు ముందు కొక్కెమును చూపవలెను గదా.

అనుబంధమును పోషించువారు నిత్యము చేయు పని యిది. రాబోవు కూర్పు విడుదలకు ముందే నైట్లీ, బీటా అను పరీక్షారూపములలో బయటకు వచ్చును. నేర్పరి దానిని తెచ్చుకొని, తన అనుబంధమును అందుంచి కొన్నాళ్లు వాడి చూచును. మూలపాఠము తెఱచియున్న సాఫ్టువేరునందు గల గొప్ప లాభము ఇక్కడనే కనబడును. ఏ పంక్తిని ఎవరు, ఏ కారణమున మార్చినారో అతడు స్వయముగా చదువుకొనగలడు. తనకు నష్టము కలిగినచో విడుదలకు ముందే నిర్మాతలతో వాదింపగలడు. కాలము తీఱిన కొక్కెములను గూర్చి నిర్మాతలు ముందుగా హెచ్చరిక వ్రాయుదురు. దానిని నిర్లక్ష్యము చేసినవాడే తరువాత గగ్గోలు పెట్టుట మేమెఱుగుదుము. మఱియొక సూక్ష్మము: "నీవు ఎన్నవ కూర్పు?" అని బ్రౌజరు నడుగుటకంటె "ఈ కొక్కెము నీయందు కలదా?" అని యడుగుట మేలు. కూర్పు సంఖ్య ఊహకు దారితీయును. కొక్కెమున్నదో లేదో అప్పుడే తేలును. బ్రౌజరును ముట్టు పంక్తులను ఒకచోట చేర్చి, తక్కిన పనిని వేఱుగ నుంచుట మంచి కట్టడము. అట్లున్నచో కట్టు తెగినప్పుడు ఒక్క అధ్యాయమును దిద్దిన చాలును; గ్రంథమంతయు తిరుగవ్రాయ నక్కఱలేదు. పద్మ వంటిదానిలో ఫాంటుల పట్టికలకు బ్రౌజరుతో నిమిత్తమే లేదు. అవి యే బ్రౌజరులోనైనను, బ్రౌజరు లేకున్నను, పనికివచ్చునవే.

వాడువారికిని కొంత పని కలదు. అనుబంధము ఆగినప్పుడు కోపముతో రెండు మాటలు వ్రాసి పంపుట సులభము. దానివలన రచయితకు ఏమియు తెలియదు. ఏ కూర్పులో, ఏ పుట తెఱచినప్పుడు, ఏమి చేయగా, ఏమి కనబడినదో నాలుగు పంక్తులలో వ్రాసినచో అతనికి సగము రాత్రి మిగులును. ఈ పని మన పైతరగతి విద్యార్థులు చేయగలరు. అంతటి ముఖ్యమైన పని నొక్క అనుబంధము పైననే మోపకుండుటయు మంచిది. 2019 మే 4వ తేదీన ఏ క్రొత్త కూర్పును రాకయే ప్రపంచమంతటను ఫైర్‌ఫాక్సు అనుబంధములు ఒక్కపెట్టున ఆగినవి. అనుబంధములపై ముద్రవేయుటకు వాడు ధ్రువపత్రములలో ఒకదాని గడువు తీఱుటయే కారణము. మొజిల్లావారు వెంటనే మరమ్మతు పంపిరి గాని, అనుబంధము లేక పని జరుగనివారు ఆ దినమున చేతులు కట్టుకొని కూర్చుండిరి.

కొక్కెములు శాశ్వతములా యని యడుగవచ్చును. కావు. క్రోమియము అను మఱియొక ఓపెన్ సోర్సు బ్రౌజరును, దానిపై కట్టిన క్రోమును, మ్యానిఫెస్టు మూడు అను క్రొత్త కట్టుబాటునకు మాఱినవి. ప్రకటనలను అడ్డగించు అనుబంధములు వాడుచుండిన యొక బలమైన కొక్కెము దానిలో సన్నగిల్లినది. 2024లో క్రోమువారు పాత కట్టుబాటుపై నున్న అనుబంధములను నిలుపుదల చేయ నారంభించిరి. ఫైర్‌ఫాక్సువారు 2023 జనవరిలో 109వ కూర్పుతో క్రొత్త కట్టుబాటును అంగీకరించియు, పాతదానిని, ఆ బలమైన కొక్కెమును తీసివేయలేదు. మాట యిచ్చుట ఒకటి, ఎంతకాలము నిలుపుకొందురనుట మఱియొకటి.

పద్మ సంగతి మిగిలినది. పత్రికలు క్రమముగా యూనికోడునకు మాఱుటచేత అట్టి మార్పిడి యక్కఱయే తగ్గినది. ఫైర్‌ఫాక్సులో తెలుగు పుట నేడు తెలుగుగనే తెఱచుకొనును. తన పని తీఱి తొలగుట అనుబంధములలో కొన్నిటికే దక్కు భాగ్యము.

డౌన్‌దెమ్ఆల్ అను మఱియొకదాని గతి వేఱు. పుటలోని ఫైళ్లనన్నిటిని ఒక్కమాఱుగా దించుకొనుటకు అది వాడబడుచుండెను. 57వ కూర్పుతో అది ఆగిపోయినది. క్రొత్త కొక్కెములతో పాత శక్తులన్నియు తేలేమని దాని రచయితలు ముందే వెల్లడించియుండిరి. అయినను 2019లో దానిని మొదటినుండి తిరుగవ్రాసి విడుదల చేసిరి. పాత సౌకర్యములు కొన్ని అందు లేవు. కాని క్రొత్త కొక్కెములు ఇంచుమించుగా అన్ని బ్రౌజరులందును ఒకే పోలికగా నుండుటచేత, ఒకప్పుడు ఫైర్‌ఫాక్సునందు మాత్రమే ఊగుచుండిన ఆ ఉయ్యెల పిమ్మట క్రోమునందును ఊగసాగినది.